ఇంటిలోని తీగకు ఊతం
(క్యారీ తెలుగువారి సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంగీతం, నాట్యం, కవిత్వం నిండిన సభలో కుండీల గురించీ కర్రల గురించీ మాట్లాడటం కొంత వింతగానే ఉండవచ్చు. కాని తాంబూలం లేనిదే మనకు పేరంటం లేదు, నోము లేదు, పెళ్ళి లేదు. ఆ తమలపాకు తీగ క్యారీలో ఏడాదికి సగం రోజులు ఇంటి లోపలే బతకాలి. దాన్ని ఎలా నిలబెట్టుకోవాలన్నదే మా ప్రసంగ విషయం. మేమంటే తోటపని మీది మక్కువతో కలుసుకుంటూ ఉండే నాలుగైదు కుటుంబాల వాళ్ళం. మాలో వృక్షశాస్త్ర పండితులెవరూ లేరు.

మనలో చాలా ఇళ్ళలో జరిగే కథ ఒకటే. వేసవికి ఊరినుంచి అమ్మగారో అత్తగారో వస్తారు. వచ్చిన వారానికే ఎవరింటినుంచో కొమ్మ సంపాదించి నాటుతారు. ఆరు నెలల గడువు తీరగానే వెళ్ళిపోతారు, తీగ మిగులుతుంది. అక్టోబరు చివరనో నవంబరు మొదటనో నీరు గడ్డకట్టే చలి మొదలవుతుంది కనుక కుండీ లోపలికి వస్తుంది. సంక్రాంతికి ఆకులు చిన్నవవుతాయి, తీగ నేలకు వాలుతుంది. ఉగాదికి ఎండుపుల్ల మిగులుతుంది. “తీగ ఎలా ఉందే?” అని ఫోనులో అడిగితే ఏం చెప్పాలి? చలి చంపిందంటాం. చలి ఒక్కటే కాదు. వెలుతురు చాలకపోవడం, హీటరు పొడిగాలి, ఊతం లేకపోవడం కూడా కారణాలే.

మన రైతుకు ఇది కొత్త విషయం కాదు. గుంటూరు జిల్లా పొన్నూరు వైపు గాని, కడప జిల్లా చెన్నూరులో గాని ఆకుతోట వేసేవారు ముందుగా నాటేది తమలపాకు కాదు, అవిసె. అవిసె మొక్కలు కాస్త ఎదిగాకనే వాటి మొదట్లో తీగ పెడతారు. అవిసె ఊతమూ ఇస్తుంది, పలచని నీడా ఇస్తుంది. తీగ సాగినకొద్దీ జమ్ముతో వదులుగా కడుతూ పోతారు. నేల ఆరకుండా తడి పెడతారు. పైకి పోయిన తీగను దించి, చుట్టగా మట్టిలో పెట్టి, కొసను మళ్ళీ ఎక్కిస్తారు. ఊతం, నీడ, తడి, దించడం: ఈ నాలుగింటినీ మన హాలులోకి తెచ్చుకోగలిగితే చాలు.

ఊతం ఎన్నుకునే ముందు తీగ ఎలా ఎక్కుతుందో చూడాలి. ఛార్లెస్ డార్విన్ జబ్బుతో గదికే పరిమితమైన రోజుల్లో ఒక హాప్ తీగను కుండీతో సహా దగ్గర పెట్టుకుని రాత్రింబగళ్ళు గమనించాడు. దాని కొస ఊతం కోసం గాలిలో గుండ్రంగా తిరుగుతుంది. వేడి రోజుల్లో ఒక చుట్టుకు సగటున 2 గంటల 8 నిమిషాలు పట్టిందని 1865లో ప్రకటించిన వ్యాసంలో రాశాడు. చిక్కుడు, బచ్చలి, శంఖపుష్పం ఇలా చుట్టుకునే జాతి. వాటికి సన్నకర్ర, తాడు చాలు. దొండ, కాకర నులితీగలతో పట్టుకుంటాయి. వాటికి వల కావాలి. తమలపాకు, మిరియం, మనీ ప్లాంటు కణుపుల దగ్గర వేళ్ళు దింపి అంటుకుంటాయి. నున్నటి వెదురుకర్ర ఇస్తే ఆ వేళ్ళు దేన్ని పట్టుకుంటాయి? వాటికి కావలసింది గరుకుగా ఉండి, తడి నిలిచే గుంజ.

ఆ గుంజను ఇంట్లోనే చేసుకోవచ్చు. మూడడుగుల ప్లాస్టిక్ గొట్టానికి అక్కడక్కడ రంధ్రాలు పెట్టి, పైన కొబ్బరి పీచుగాని, నర్సరీల్లో అమ్మే ఎండు నాచుగాని మందంగా చుట్టి దారంతో బిగించండి. మొక్కను కుండీ మార్చేటప్పుడే దీన్ని అడుగంటా నిలపండి; తరువాత గుచ్చితే వేళ్ళు తెగుతాయి. కుండీ వెడల్పుగా, బరువుగా ఉండాలి. లేకపోతే తీగ ఎదిగాక అంతా కలిసి పడుతుంది. నీళ్ళు కుండీకే కాదు, గుంజ మీదా నెమ్మదిగా పోయాలి. ఎండిన గుంజను వేరు పట్టదు.

కట్టడానికి ఇనుపతీగ వద్దు. పాత చీర అంచును పేలికలుగా చింపి, కాండానికీ గుంజకూ మధ్య మెలివేసి, కణుపు కింద వదులుగా కట్టండి. ఆకుకాడను కట్టకండి. వేళ్ళు పట్టుకున్నాక కట్లు విప్పవచ్చు.

ఇక వెలుతురు. ఈ వేళ్ళు వెలుగుకు దూరంగా సాగుతాయి. అందుచేత కిటికీకీ గుంజకూ మధ్య తీగ ఉండాలి. అప్పుడు ఆకులు కిటికీవైపు, వేళ్ళు గుంజవైపు పోతాయి. కుండీని మాటిమాటికీ తిప్పితే పట్టు కుదరదు. మనీ ప్లాంటుకు బంధువైన మాన్‌స్టెరా మొలకలు అడవిలో ముందు చీకటివైపే పాకి చెట్టు మొదలును చేరుకుంటాయని, ఎక్కాకనే వెలుగుకోసం తిరుగుతాయని స్ట్రాంగ్, రే అనే శాస్త్రజ్ఞులు 1975లో తెలిపారు.

హీటరు గాలి నేరుగా తగలనివ్వకండి. 50 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే చల్లబడే చోట తమలపాకు ఉంచకండి. అద్దె ఇంట్లో తీగను గోడకు పాకనిస్తే, తీసేనాడు రంగుతోపాటు డిపాజిట్టూ ఊడివస్తుంది! ఇంకొక హెచ్చరిక: మనీ ప్లాంటు, మాన్‌స్టెరా ఆకులు నమిలితే నోరు మండి వాస్తుంది. పసిపిల్లలకు, పిల్లులకు, కుక్కలకు అందనివ్వకండి.

తీగ గుంజ కొసకు చేరిందా, మన ఆకుతోట రైతులాగే దించండి. రెండు మూడు కణుపుల ముక్కలు కోసి, ఒక కణుపు మట్టిలో ఉండేలా నాటితే కొత్త తీగ వస్తుంది. ధ్రువపత్రం లేకుండా ఊరినుంచి సూట్‌కేసులో మొక్క తేవడం చట్టానికి విరుద్ధం. తేవలసిన అవసరమూ లేదు. మే నెలలో చలి పూర్తిగా పోయాక మా తీగలు దించుతాం. గుంజ సిద్ధం చేసుకుని వచ్చినవారికి ముక్కలు ఇస్తాం. రైతు అవిసె ముందు నాటినట్టే, మీరు గుంజ ముందు నిలపండి.