క్రిస్మసు చెట్టును ఎంచి తెచ్చుట



క్రిస్మసు పండుగనాడు పాశ్చాత్యుల యిండ్లలో దీపములతో వెలుగుచుండు చెట్టును మీరు చిత్రపటములలో చూచియే యుందురు. మన గ్రామములలోని క్రైస్తవ కుటుంబములవారు కొందఱు సరుగుడు కొమ్మను తెచ్చి నిలిపి రంగుకాగితములు కట్టుటయు మీరెఱుగుదురు. ఆ చెట్టును ఒక కుటుంబము ఎట్లు ఎంచినదో, ఎట్లు కోసినదో, ఇంటిలో ఎట్లు నిలిపినదో కన్నులార చూచు అవకాశము 2019వ సంవత్సరము డిసెంబరు నెలలో నాకు కలిగినది. నేను మతవిషయము చెప్పబూనలేదు. నేలను దున్ని బ్రదికినవాడను గనుక చెట్టు సంగతియే చెప్పెదను.

ఆ యేడు నేను నా కుమారుని యొద్ద, అమెరికా సంయుక్త రాష్ట్రములలోని ఉత్తర కెరొలైనాలో, షార్లట్ నగరమున నుంటిని. ఇంగ్లండు రాజగు మూడవ జార్జి భార్యయైన షార్లట్ రాణి పేరే ఆ నగరమునకు పెట్టిరి. ఆమె పుట్టినిల్లు జర్మను దేశము. పండుగకు ఇంటిలో చెట్టును నిలుపుట జర్మనులలో చాల పాతవాడుక. స్ట్రాస్‌బర్గు పట్టణమున 1605 నాటికే చెట్లకు కాగితపు గులాబీలు, ఆపిలుపండ్లు కట్టుచుండిరని వ్రాతమూలముగా తెలియుచున్నది. షార్లట్ రాణి 1800లో విండ్సరునందు పిల్లల వేడుకకై అట్టి చెట్టును నిలిపినది. 1848లో విక్టోరియా రాణి కుటుంబము చెట్టుచుట్టు నిలిచియున్న బొమ్మ లండను పత్రికలో అచ్చుపడిన పిదప ఆ వాడుక సామాన్యుల యిండ్లకును పాకినది. చరిత్ర ఇంతటితో చాలును.

మా పొరుగింట ఒక తల్లియు ఆమె పిల్లలిద్దఱును ఉండిరి. కొడుకు పదునాలుగేండ్లవాడు, కూతురు ఎనిమిదేండ్లది. ఆ యింటి యజమాని ఆ వేసవిలోనే కాలధర్మము నొందెను. ఏటేటా కొండలకు పోయి చెట్టును కోసి తెచ్చుట ఆయన పనియట. ఈసారి అంగడిలో దొరకు ప్లాస్టికు చెట్టును తెచ్చి పెట్టుదమని తల్లి పిల్లలతో ననెను. చిన్నది ఏడ్చెను. పెద్దవాడు ఏడ్వలేదు గాని ఆ రాత్రి భోజనము మానెను. ఈ సంగతి తెలిసి నా కుమారుడు తన బండి పెద్దదనియు, తాము తోడు వత్తుమనియు చెప్పెను. నన్నును రమ్మనిరి. నిజము చెప్పవలయునన్న నాకు మనస్సొప్పలేదు. మూడువారముల ముచ్చటకై పచ్చని చెట్టును నఱకుటా యని లోలోపల గొణుగుకొనుచునే బండి యెక్కితిని.

రెండు గంటల ప్రయాణము. చివరిభాగమంతయు కొండదారి. సముద్రమట్టమునకు మూడువేల అడుగుల యెత్తున, వాలుగానున్న పొలములలో వరుసలు తీర్చిన చెట్లను చూచినంతనే నా సందేహము సగము తీరెను. అది అడవి కాదు, చేను. మన సరుగుడుతోట వంటిదే. మనము నాలుగైదేండ్లకు సరుగుడు నఱకుదుము. వారు చాలకాలము వేచియుందురు. ఆ చెట్టును ఫ్రేజర్ ఫర్ అందురు. జాన్ ఫ్రేజరను స్కాట్లండు వృక్షశాస్త్రజ్ఞుని పేరది. ఆకులు సూదులవలె సన్నములయ్యు మొనలు గ్రుచ్చుకొనవు. పైన ముదురుపచ్చ, అడుగున వెండిచారలు. నలిపిన మంచి సువాసన వచ్చును. కొమ్మలు గట్టివి గనుక అలంకారముల బరువునకు వంగవు. కోసిన తరువాతను ఆకు త్వరగా రాలదు. దాని ప్రశస్తికి కారణమిదియే.

తోట రైతు డెబ్బదియేండ్లు దాటినవాడు. నేనును రైతునని నా కుమారుడు చెప్పగానే నాకు చేయిచ్చి, తన చేతినుండి నా చేతిని వదలకయే వరుసల నడుమ నడిపించెను. విత్తనము మొలచి నారుమడిలో మూడునాలుగేండ్లు పెరుగవలయును. పిదప అయిదడుగుల కొక్కటి చొప్పున చేనిలో నాటుదురు. ఎకరమునకు 1,700 మొక్కలకు పైగా పట్టును. అక్కడ మఱి ఏడెనిమిదేండ్లు పెరిగినగాని ఆఱేడడుగుల చెట్టు కాదు. గోపురమువలె కనబడు ఆ రూపము తనంత వచ్చునది కాదు, ప్రతి వేసవియందును పొడవాటి కత్తితో కొసలు కత్తిరింపవలయును. నేలలో నీరు నిలిచినచో వేరుకుళ్లు తగులును. ఆ తెగులు పట్టిన మడిలో మరల ఈ చెట్టు బాగుపడదని చెప్పి ఒక మూలనున్న బీడును చూపెను. మన తోటలలోని సంగతియే గదా యనిపించినది. అయిదువేల అడుగులకు పైబడిన శిఖరములపై ఈ జాతి అడవిచెట్లు కలవు. ఐరోపానుండి వచ్చిన ఒక చిన్న తెల్లపురుగు వాటి రసము పీల్చి వేనవేల చెట్లను ఎండగొట్టెను. మిచెల్ శిఖరముపై 1957లో దానిని కనుగొనిరి. ఒక చెట్టు కోసిన చోట మరుసటి వసంతమున మొక్క నాటుదునని ఆయన చెప్పినపుడు, నా గొణుగుడు ఆయనకు ముందే వినబడినదేమో యని సిగ్గుపడితిని.

ఇక ఎంపిక. ఆరుబయట నిలిచిన చెట్టు కంటికి చిన్నదిగా తోచును. ఇంటికి తెచ్చిన కప్పును తాకును. చిన్నది చూపినదెల్ల అట్టిదే. కుఱ్ఱవాడు ఇంటి కప్పు ఎత్తును ముందే కొలుచుకొని, అడుగున దిమ్మెకును పైన నక్షత్రమునకును ఒక అడుగు విడిచి, ఆ కొలతకు ఒక కఱ్ఱను కోసి తెచ్చియుండెను. తండ్రి అట్లే చేసెడివాడట. పిల్ల ముచ్చటపడిన చెట్టు కఱ్ఱకు రెండడుగులు మించినది. తల్లికి నచ్చినది ఒకప్రక్క బోసిగా నున్నది. గోడవైపునకు త్రిప్పిన దోషము కనబడదని రైతు నవ్వెను. తుదకు దానినే నిశ్చయించిరి. ముందే కోసి పెట్టిన చెట్లును అచట నుండెను. వాటిని కొనువారు కొమ్మను పిడికిట పట్టి కొసవైపునకు దూయుదురు. పచ్చియాకు చేతికి రాలిన చెట్టు ఎండినదని విడిచిపెట్టుదురు.

కుఱ్ఱవాడు తడినేలపై బోర్ల పండుకొని రంపము పట్టెను. రంపము బిగియకుండ నా కుమారుడు మానును కొంచెము అవతలికి నెట్టి పట్టెను. వాని చేతులు నొచ్చుట నాకు కనబడుచునే యున్నది. రైతు తాను కోసెదనని రెండుమార్లు చెప్పినను వాడు రంపము నీయలేదు. చెట్టు ఒరిగినపుడు తల్లి మొగము త్రిప్పుకొనెను. వారు చెట్టును యంత్రముపై నిలిపి దులిపి ఎండుటాకులు రాల్చి, వలలో చుట్టి బండిపై కట్టిరి. మొదలు ముందునకు ఉండవలయును. లేకున్న గాలి కొమ్మలను విఱుచును.

ఇల్లు చేరునప్పటికి చీకటి పడెను. అసలు కష్టము అపుడు వచ్చినది. కోసిన మొదట జిగురు ఊరి గట్టిపడి నీటిదారులను మూయును; ఏడెనిమిది గంటలు గడచిన చెట్టు నీరు త్రాగదు. కావున అడుగునుండి ఒక అంగుళము మందమున బిళ్లను తిన్నగా కోసివేసి వెంటనే నీట నుంచవలయును. కుఱ్ఱవాడు బిళ్ల కోసెను. కాని నీటితొట్టిగల ఇనుప దిమ్మె మూతి ఇఱుకైనది, మాను దూఱలేదు. వాడు చిన్న గొడ్డలి తెచ్చి బెరడును చెక్కబూనెను. నేను ఆగుమని చేయి యడ్డము పెట్టితిని. తొఱ్ఱపడిన చింతచెట్టు నడుమ డొల్లయైనను ఏటేటా చిగుర్చుట మీరెఱిగినదే. నీరు ఎక్కునది మాను నడుమనుండి కాదు, బెరడును ఆనుకొనియున్న లేతకలపనుండి. దానిని చెక్కిన చెట్టు తొట్టినిండ నీరున్నను దప్పితో ఎండును. నా కుమారుడు ఈ మాటను వారికి తెలియజెప్పెను.

అయిన ఆ దిమ్మె తండ్రి కొన్నది. దానిని మార్చుటకు కుఱ్ఱవానికి మనసు రాలేదు. చాలసేపు ఎవ్వరును మాటాడలేదు. చెట్టును బిందెవంటి ఒక పాత్రలోని నీటిలో నిలిపియుంచితిమి. తుదకు తల్లియే లేచి, తండ్రి యున్నను ఇంత లావు చెట్టునకు క్రొత్తది కొనియుండునని చెప్పి తాళపుచెవులు తీసికొని అంగడికి పోయెను. ఆమె తెచ్చిన దిమ్మె పెద్దది. మాను వెడల్పు అంగుళమున కొక లీటరు చొప్పున నీరు పట్టవలెనని లెక్క. ఆ రాత్రి చెట్టు మూడు లీటర్లకు పైగా త్రాగినది. ఉదయమున చిన్నది తొట్టిలో చూచి కేకవేసెను.

నీరు కోతకన్న దిగువకు పోరాదని పిల్లకు ఆ పని యప్పగించిరి. ఇది ముచ్చటకై చేయు పని కాదు. తడియున్న చెట్టు సులభముగా అంటుకొనదు; ఎండిన చెట్టునకు నిప్పు తగిలిన నిమిషము తిరుగకముందే గదియంతయు మంటలగును. కొమ్మలపై మైనపువత్తులు వెలిగించు రోజులలో ప్రక్కను నీళ్లబాల్చి యుంచుకొనెడివారు. ఎడిసను భాగస్వామియగు ఎడ్వర్డ్ జాన్సన్ 1882లో న్యూయార్కునందు 80 విద్యుద్దీపములతో చెట్టును అలంకరించెను. ఇప్పటి దీపములు చేతికి వేడి తగులనివి. వానిని ముందుగా మాను దగ్గఱనుండి కొసలవఱకు చుట్టి, బరువైన బొమ్మలను క్రింది కొమ్మలకు కట్టిరి. వేడిగాలి వచ్చు గొట్టమునకు దూరముగ చెట్టును జరిపిరి.

జనవరి ఆఱవ తేదీ దాటిన పిదప పురపాలకుల బండి వచ్చి చెట్టును తీసికొనిపోయినది. దానిని ముక్కలుచేసి తోటల మొదళ్లలో పఱతురట. నేను సెలవు తీసికొనుటకు పోయినపుడు కుఱ్ఱవాడు ఒక త్రాటికి గ్రుచ్చిన కొయ్యబిళ్లలను చూపెను. ఏటేటా మొదట కోసిన బిళ్లను తండ్రి దాచి దానిపై సంవత్సరము వ్రాసెడివాడట. క్రొత్తదానిపై వలయములు ఎన్నియో లెక్కించి చెప్పుమని వాడు నా చేతికిచ్చెను. అద్దములు పెట్టుకొని రెండుమార్లు లెక్కించితిని, పదునొకండు. వాడు ఆ సంఖ్యను వెనుకప్రక్క వ్రాసి, ముందుప్రక్క 2019 అని వ్రాసి, బిళ్లను త్రాటికి గ్రుచ్చెను.