మిరప విత్తనంలో నకళ్ల కథ

(ఖానాపురం హవేలి రైతు సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన ఖమ్మం మార్కెట్‌కు పేరు తెచ్చింది మిర్చి. ఆ మిరప జన్యుపటం 2014లో వెలువడింది. మిరప డీఎన్ఏలో దాదాపు 350 కోట్ల అక్షరాలున్నాయి. దాని చుట్టమైన టమాటాలో 90 కోట్లే. జన్యువులు మాత్రం రెండింటిలోనూ సుమారు 35 వేలే. మరి మిగతాదంతా ఏమిటి?

నకళ్లు! పాత పహాణీకి నకలు తీసి, మళ్లీ అదే కట్టలో దూర్చినట్టు, కొన్ని డీఎన్ఏ ముక్కలు తమ నకళ్లు తామే తీసుకుని కొత్త చోట్ల చేరతాయి. లక్షల ఏళ్లుగా పేరుకుని, మిరప డీఎన్ఏలో నాలుగింట మూడొంతులు దాటాయి. ఇలా చోటు మారే ముక్కలను మొక్కజొన్నలో కనిపెట్టిన బార్బరా మెక్‌క్లింటాక్‌కు 1983లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఇది చెత్త అనుకోవద్దు. ఈ ముక్కలు ఒక్కోసారి వేరే జన్యువులకూ నకలు తీస్తాయి. మిరపలో తెగుళ్లను తట్టుకునే జన్యువులు ఎన్నో ఇలాగే పెరిగాయని 2017లో తేలింది.

ఇలాంటి మార్పు ఒక్క సీజన్‌లో రాదు. వచ్చిన మంచి గుణాన్ని ఏరి నిలిపింది తరతరాల రైతులే. 2021-22లో నల్ల తామర పురుగు మన తోటలను ఊడ్చేసింది. రేపు మరొకటి రావచ్చు. దాన్ని తట్టుకునే గుణం ఏ విత్తనంలో ఉందో ముందుగా ఎవరూ చెప్పలేరు. ఊరంతా ఒకే రకం వేస్తే వెతకడానికి ఏం మిగులుతుంది?

2001 చట్టం 39వ సెక్షన్ ప్రకారం మన విత్తనం మనం దాచుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. బ్రాండు పేరుతో మాత్రం అమ్మకూడదు. నాటు మిరప విత్తనం ఉన్నవాళ్లు రకం పేరు, ఊరి పేరు రాసి దాచండి, ఇరుగుపొరుగుకు పంచండి. వాటిని నమోదు చేసి భద్రపరచాలని ప్రభుత్వాన్ని అందరం కలిసి అడుగుదాం.