చిత్రకారుల విదేశీ విడిది



పెన్న సముద్రమున గలియు చోటికి కొంత దూరమున నున్న ఒక పట్టపుపాళెమునుండి ఇటీవల ఒక పెద్దమనిషి నాయొద్దకు వచ్చెను. ఆయన కుమార్తె చిత్రలేఖనము నేర్చినది. విదేశమునందలి ఒక కళాసంస్థవారు మూడు నెలలు తమయొద్దనుండి బొమ్మలు వేసికొమ్మని ఆమెకు ఉత్తరము వ్రాసిరి. "అయ్యా! కూలికి పిలిచిన అర్థమగును, చదువునకు పిలిచిన అర్థమగును. కూర్చుండి నీకు తోచిన బొమ్మ వేసికొమ్మని చెప్పి ఎవరైనను కూడు పెట్టుదురా? ఇందులో మోసమేమైన నున్నదా?" అని ఆయన యడిగెను. అడుగదగిన ప్రశ్నయే. నా ప్రసంగము దానికి ప్రత్యుత్తరము.

ఇట్టి యేర్పాటునకు రెసిడెన్సీ యని పేరు. మన మాటలలో కళాకారుల విడిది యనవచ్చును. పెండ్లివారి విడిదివలెనే ఇచటను ఆతిథేయి ఉండుటకు గది యిచ్చును. దానికి తోడు పనిచేసికొనుటకు చావడియు, పనిముట్లును, కొన్నిచోట్ల భోజనమునకు రొక్కమును ఇచ్చును. గడువు కొన్ని వారములు మొదలు ఒక సంవత్సరమువరకు నుండును. పలుదేశములవారు ఒకే కప్పు క్రింద పనిచేయుదురు. ఒకరి చేతి నేర్పును ఒకరు చూతురు. పలుచోట్ల గడువు ముగియునప్పుడు తలుపులు తెరచి, ఊరివారిని పిలిచి, చేసిన పనిని చూపుదురు.

ఇది నేడు పుట్టిన వింతగాదు. ఫ్రాన్సురాజగు పదునాలుగవ లూయీ 1666లో రోమునగరమున ఒక సంస్థను నెలకొల్పి, తన దేశపు యువచిత్రకారులను శిల్పులను అచట రాజవ్యయముతో నుంచెను. మన దేశమునకును ఇట్టి అతిథులు వచ్చిరి. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అను జపాను చిత్రకారులు కలకత్తాకు వచ్చి ఠాకూరుల కుటుంబముతో మెలగిరి. తైకాన్ తడికుంచెతో పనిచేయు తీరును జూచి అవనీంద్రనాథుడు బొమ్మను నీట తడిపి రంగు నెమ్మదింపజేయు తన పద్ధతిని రూపొందించుకొనెను. ఒక అతిథి రాక ఒక దేశపు చిత్రకళను మార్చగలదనుటకు ఇది నిదర్శనము.

మన తీరమునుండి బొమ్మలు సముద్రము దాటుటయు క్రొత్తగాదు. ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవారు 1626లో దుగరాజపట్నమున, తాము ఆర్మగాను అని పిలిచిన చోట, వర్తకస్థానము నేర్పరచుకొనిరి. తరువాతనే వారు చెన్నపట్టణమునకు తరలిరి. వారు ఈ తీరమునకు వచ్చినది ముఖ్యముగా గుడ్డలకొరకు. కలముతో వ్రాసి రంగులద్దిన కోరమండల తీరపు వస్త్రములు ఆ శతాబ్దమున యూరపు గృహములను అలంకరించెను. గుడ్డ ఓడ యెక్కినది; వ్రాసినవాడు రేవుననే నిలిచిపోయెను. పరదేశమున నేమి కావలెనో వర్తకుడు చెప్పగా వినుటయే కాని, అచటి చిత్రకారుని ముఖమును వాడెన్నడును చూడలేదు. వాని పేరును మనకు మిగులలేదు. విడిదియందలి విశేషమిదియే: ఇందు సరకుతోపాటు మనిషియు ప్రయాణము చేయును.

అట్లు ప్రయాణము చేసిన తెలుగువాని కథ యొకటి వినుడు. చిత్తూరు జిల్లాలోని నందనూరున 1925లో జన్మించిన కృష్ణారెడ్డి శాంతినికేతనమున నందలాల్ బోసుకడ చదివి, కొంతకాలము మదరాసు కళాక్షేత్రమున పనిచేసి, 1949లో యూరపునకు పోయెను. లండనులోను, పారిసులోను శిల్పము నభ్యసించెను. పారిసున హేటరు అను నాంగ్లేయుడు నడుపుచున్న 'అటెలియే 17' అను పనిశాలలో చేరెను. అది ముద్రణచిత్రముల పనిశాల. నానాదేశములవారు అచట ఒకే బల్లచుట్టు పనిచేసెడివారు. గురువు, శిష్యుడను భేదము తక్కువ.

అంతకుముందు రంగుకొక లోహఫలకము చెక్కుట వాడుక. మన కలంకారీలోను రంగురంగునకు వేరువేరుగ అద్ది, ఉతికి, ఎండబెట్టవలసినదే గదా! కృష్ణారెడ్డియు, కైకో మోతీ అను మరియొక భారతీయుడును, హేటరుతో గలసి ఒకే ఫలకమునుండి ఒకే ఒత్తున పలురంగులు వచ్చు ఉపాయము సాధించిరి. ఫలకమును మిట్టపల్లములుగ చెక్కుదురు. గట్టి రూళ్లకఱ్ఱ మిట్టలను మాత్రము తాకును. మెత్తనిది పల్లములలోనికి దిగును. ఒక సిరాలో అవిసెనూనె ఎక్కువ, మరొకదానిలో తక్కువ కలుపుటచే అవి యొకదానితో నొకటి కలిసిపోక దేని చోట నది నిలుచును. ఈ నేర్పు ప్రపంచమంతట వ్యాపించినది. కృష్ణారెడ్డి ఆ పనిశాలకే సహనిర్వాహకుడయ్యెను. 1972లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ యిచ్చెను. తరువాత న్యూయార్కున స్థిరపడి 2018లో అచటనే కన్నుమూసెను.

"చూచితివా! పోయినవాడు తిరిగి రాలేదు" అని మీరందురు. నిజమే. అందరును కృష్ణారెడ్డులు కారు. పోయివచ్చినవారిలో చేతికి కాసు మిగులనివారును గలరు. నేను వీనిని దాచను. కాని నాయొక తప్పిదమును దాచిన ఈ ప్రసంగమునకు విలువ లేదు. పండ్రెండేండ్ల క్రిందట ఇట్టి యుత్తరమునే ఒక పడుచువాని తండ్రి నాకు చూపి సలహా యడిగెను. నేను దానిని సరిగా చదువకయే, "మనకెందుకు వచ్చిన పని? ఊరిలోనే యుండనిండు" అంటిని. పెద్దవాని మాటయని వారు నమ్మిరి. ఆ పిల్లవాడు నేడు పడవలమీద పేర్లు వ్రాయుచున్నాడు. ఆ పని హీనమని నేననను. అయినను ఆ పేర్లచుట్టు అతడు వేయు అలలను చేపలను చూచినప్పుడెల్ల నాకు తలవంపుగా నుండును. తాను పోవలెనో వలదో తెలిసికొను అవకాశమును నేనతనికి లేకుండ జేసితిని.

కావున ఈమారు ఉత్తరమును ఆసాంతము చదివితిమి. దారిఖర్చు ఎవరిది? భోజనమునకు, వైద్యమునకు ఏమి యేర్పాటు? చేసిన బొమ్మలు ఎవరివగును? ముందుగా రుసుము కట్టుమనుచున్నారా? అంతకుముందు అచటికి పోయివచ్చినవారు ఏమందురు? ఈ యైదింటికిని వ్రాతమూలకమైన సమాధానము తెప్పించుకొనుమని చెప్పితిని. రుసుము కట్టుమనువారందరు మోసగాండ్రు కారు. కాని అప్పుచేసి కట్టవలసివచ్చినచో మానుటయే మేలు.

పోవుట ఒక సగము. తిరిగివచ్చి నిలుచుట రెండవ సగము. 1966లో పణిక్కరుగారి నాయకత్వమున కొందరు చిత్రకారులు మదరాసునకు దక్షిణమున, ఈ సముద్రపుటొడ్డుననే, చోళమండలమను పల్లెను కట్టుకొనిరి. హస్తకళా వస్తువులు చేసి అమ్ముకొనుచు, ఆ రాబడితో బొమ్మలు వేసికొనిరి. మనము అంత చేయనక్కరలేదు. వలలు దాచుకొను పాత కొట్టము ఒకటి, బాగుచేయించి తాళపుచెవి యిచ్చిన చాలును. తిరిగివచ్చినవారు మన పిల్లలకు వారమున కొక్కదినము నేర్పుదురు.

ఆ తండ్రి సమాధానములకై వేచియున్నాడు. అవి తృప్తికరముగ వచ్చినచో తానే రైలువరకు దిగబెట్టుదునని నాతో చెప్పెను. మీ యూరికి ఇట్టి యుత్తరము వచ్చినప్పుడు, కాదనుటకు ముందు దానిని కడవరకు చదువుడని మాత్రము నా మనవి.