పిట్టల సార్ నోటుబుక్కులు

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కమిటీవాళ్ళు నన్ను ఇంజినీరింగు రంగంలో మన బడి పిల్లలు సాధించిన ప్రగతి గురించి మాట్లాడమన్నారు. నేను పిట్టల సార్ గురించి మాట్లాడతానన్నాను. అసలు పేరు చెప్పనక్కర్లేదు. ఈ హాల్లో ఆయన్ని అలా పిలవనివాళ్ళు ఒక్కరూ ఉండరు. ఎదురుగా మాత్రం ఎవ్వరమూ అనలేదు. ఆ పేరు ఆయనకు మొదటినుంచీ తెలుసని నాకు ఈమధ్యే తెలిసింది. సార్‌కు ఇప్పుడు 84 ఏళ్ళు. నంద్యాలలో కూతురింట్లో ఉంటున్నారు. మోకాళ్ళు సహకరించక ఈరోజు రాలేకపోయారు.

1984లో మా తొమ్మిదో తరగతికి సామాన్యశాస్త్రం చెప్పడానికి వచ్చారు. నిజం చెప్పాలంటే పరీక్షలకు పనికొచ్చేలా నోట్సు చెప్పించే సార్ కాదాయన. బోర్డు మీద రాత కోడి కెలికినట్టుండేది. మార్కుల దగ్గర మహా పిసినారి. కానీ కీటకాల పాఠం వచ్చిందంటే పుస్తకం మూసి, గ్రౌండు వెనక తుమ్మచెట్ల కిందికి తీసుకుపోయేవారు. తిరిగొచ్చేసరికి లెక్కల పీరియడు సగం అయిపోయేది. దాని మీద స్టాఫ్ రూములో ఎన్ని మాటలు పడ్డారో మాకప్పుడు తెలియదు.

ఆదివారాలు సైకిళ్ళ మీద రోళ్ళపాడు బీళ్ళకు తీసుకుపోయేవారు. తెల్లారకముందే ఆయన ఇంటి ముందు చేరేవాళ్ళం. అమ్మగారు జొన్నరొట్టెలు, ఊరిబిండి గుడ్డలో మూటకట్టి ఇచ్చేవారు. ఆరేడుగురికి రొట్టెలు కాల్చాలంటే ఆమె ఎన్నింటికి లేచేదో ఇప్పుడు ఆలోచిస్తే సిగ్గేస్తుంది. అప్పుడు ఎంతసేపూ నీకెన్ని నాకెన్ని అనే గొడవే.

అక్కడేముంది అంటే, చూసే కంటికి ఏమీ లేదు. చెట్టు లేదు, గుట్ట లేదు, మోకాలెత్తు గడ్డి. ఆ గడ్డిలో బట్టమేక పిట్ట ఉండేది. చిన్నవాళ్ళ కోసం చెబుతున్నా: నిలబడితే మీటరు ఎత్తు. మగది 15 కిలోల దాకా తూగుతుంది. ఎగిరే పక్షుల్లో అంత బరువైనవి లోకంలోనే కొన్ని. నెమలిని 1963లో జాతీయ పక్షిగా ప్రకటించారు గానీ, ఆ గౌరవం దీనికి దక్కాలని సలీం అలీ గట్టిగా కోరుకున్నారు. మేం పోయిన నాటికి రోళ్ళపాడు ఇంకా అభయారణ్యం కాలేదు. అది 1988లో అయింది.

1985 వానాకాలంలో ఒకరోజు గడ్డిలో బోర్లా పడుకొని ఉన్నాం. మగపిట్ట మెడకింద సంచిని ఉబ్బించి, తోక పైకెత్తి, బుంగలో ఊదినట్టు కూత పెట్టింది. చెవికంటే ముందు కడుపుకు వినపడింది ఆ శబ్దం. తర్వాత వెనక్కి వస్తుంటే నా కాలికి రెండడుగుల దూరంలో వట్టి నేల మీద ఒక గుడ్డు. గూడు లేదు, పుల్ల లేదు. చెయ్యి చాచాను. సార్ నా చొక్కా కాలరు పట్టుకొని ఆపారు. “ఏడాదికి ఒక్కటే నాయనా దానికి. వచ్చిన అడుగులోనే అడుగేసి వెనక్కి రా” అన్నారు. అలాగే వచ్చాను.

నేను ఇంజినీరునై కరెంటు లైన్లు వేసే పనిలో చేరాను. పన్నెండేళ్ళ తర్వాత, ఎక్కడని చెప్పను గానీ, మన సీమలోనే ఒక 132 కెవి లైనుకు దారి సర్వే నాకిచ్చారు. పొలాల మీదుగా పోతే నష్టపరిహారం, రైతులతో తగాదా. చెట్లుంటే అటవీ శాఖ. నేను బీళ్ళ మీదుగా గీత గీశాను. రికార్డుల్లో అది బంజరు. దూరం తగ్గింది, ఖర్చు తగ్గింది, పైవాళ్ళు మెచ్చుకున్నారు. ఆ డ్రాయింగు తీసుకెళ్ళి గర్వంగా సార్‌కు చూపించాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకొని చాలాసేపు చూశారు. “బీడంటే ఖాళీ అని నీకు నేను చెప్పానా?” అన్నారు. అంతే. తర్వాత కాఫీ ఇచ్చారు, పిల్లల చదువుల గురించి అడిగారు.

సార్ 1999లో రిటైరయ్యారు. మరుసటి చలికాలం ఆయనే నన్ను ఆ లైను దగ్గరికి తీసుకుపొమ్మన్నారు. తీగల కింద నడుచుకుంటూ పోయాం. రెండు టవర్ల మధ్య ఒక కొంగ చచ్చిపడి ఉంది, రెక్క విరిగి. ఆయన నన్నొక్క మాట అనలేదు. జేబులోంచి నోటుబుక్కు తీసి తేదీ, సమయం, గాలి ఎటువైపు ఉందో రాసుకున్నారు. తర్వాత నావైపు తిరిగి “టవరు నంబరు చెప్పు” అన్నారు. చెప్పాను. నేను వేయించిన నంబరే.

బట్టమేక పిట్టకు కళ్ళు పక్కలకుంటాయి. ఎదురుగా ఉన్న సన్నటి తీగ సరిగా కనపడదు. కనపడేసరికి ఆ బరువుతో పక్కకు తిరగలేదు. ఇప్పుడు దేశం మొత్తం మీద అవి 150 కూడా లేవంటున్నారు, ఉన్నవాటిలో ఎక్కువ రాజస్థాన్లోనే. రోళ్ళపాడులో అవి పోవడానికి ఒక్క తీగలే కారణమని నేననను. చుట్టూ కాలువ నీళ్ళొచ్చాయి, పంటలు మారాయి, గడ్డి తగ్గింది. నీళ్ళు రావద్దని రైతుతో ఎవరంటారు? జింకలు పెరిగి చేలు మేస్తుంటే తిట్టుకునే రైతు తరఫున సార్ కూడా మాట్లాడేవారు.

ఆ తర్వాత మూడు లైన్లలో దారి మార్చమని నేను రాసి పెట్టాను. ఒకదానికి ఒప్పుకున్నారు, కొంచెం చుట్టు తిప్పాం. రెండింటికి ఒప్పుకోలేదు. వాటిలో ఒకదానికి మాత్రం పిట్టలకు కనపడేలా తీగలకు బిళ్ళలు తగిలించడానికి అనుమతి దొరికింది.

సార్ నోటుబుక్కులు మొత్తం 31. కిందటి నెల పోయినప్పుడు పెట్టెతో సహా నా కార్లో పెట్టించారు. బడికే ఇవ్వమన్నారు. ఇవాళ పొద్దున సైన్సు ల్యాబు బీరువాలో పెట్టి తాళం పెద్దసార్‌కు ఇచ్చాను. రాత ఎవరికీ అర్థం కాదు గనుక, సార్ ఓపిక ఉన్నప్పుడే ఆయన పక్కన కూర్చొని చదివించుకొని రాసే ఇద్దరు ముగ్గురు కావాలి. నేను నెలకు రెండు ఆదివారాలు వెళ్తున్నాను. నాతో వచ్చేవాళ్ళు సభ అయ్యాక చెప్పండి.

బయలుదేరేటప్పుడు కారు అద్దం దగ్గరికి వంగి ఒకటే అడిగారు. “అటేపు వానలు పడ్డాయంట గదా, గడ్డి ఎంత లేసింది?”

నాకు తెలియదు సార్, వచ్చే ఆదివారం పోయి చూసొచ్చి చెబుతానన్నాను.