బొమ్మ గీసిన చేతికీ కూలి వుంది

(పని హక్కులపై జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. నా విభాగం అప్లైడ్ ఆర్ట్. పోస్టర్లు, పుస్తకాల అట్టలు, లోగోలు, సరుకుల ప్యాకెట్లు, ఫోన్లో కనబడే ప్రకటనలు తయారుచేసే చదువు ఇది. పొద్దుటినుంచీ ఈ వేదిక మీద బీడీలు చుట్టే స్త్రీలు, ఇళ్లల్లో పనిచేసే స్త్రీలు, ఆశా కార్యకర్తలు మాట్లాడారు. వాళ్ల తర్వాత కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పని గురించి చెప్పాలంటే సంకోచంగానే వుంది. అయితే వాళ్లందరి మాటల్లోనూ మూడు సంగతులు విన్నాను. కూలి దక్కని పని, పేరు దక్కని పని, రక్షణ లేని పని. ఆ మూడూ మా దగ్గరా వున్నాయి. వాటి గురించే చెబుతాను.

మొదటిది కూలి. మా రంగంలో మార్కులకన్నా చేసిన పనులే ముఖ్యం. వాటన్నిటినీ ఒకచోట చేర్చి చూపించేదాన్ని పోర్ట్‌ఫోలియో అంటారు. పని అనుభవం లేకపోతే ఉద్యోగం రాదు. ఉద్యోగం లేకపోతే అనుభవం రాదు. ఈ మధ్య ఖాళీలోకి ఇంటర్న్‌షిప్ వచ్చి కూర్చుంది. మూడో సంవత్సరం సెలవుల్లో నేనొక ప్రకటనల కంపెనీలో చేరాను. మూడు నెలలు జీతం లేదు, చివర్లో సర్టిఫికెట్ ఇస్తామన్నారు. హాస్టలు, బస్సు, భోజనం ఖర్చులు మా అమ్మ నల్లగొండలో బట్టలు కుట్టి పంపింది. అంటే ఆ కంపెనీ ప్రకటనల్లో కొంత మా అమ్మ కుట్టుమిషను కష్టం కూడా వుంది. ఇలా ఇంటినుంచి డబ్బు తెప్పించుకోలేని అమ్మాయిలు ఆ గుమ్మమే ఎక్కలేరు. దళిత కుటుంబాల నుంచి, పల్లెల నుంచి వచ్చిన నా స్నేహితురాళ్లలో ఇద్దరు ఆ సెలవుల్లో బట్టల షాపులో సేల్స్‌గర్ల్స్‌గా చేరారు. వాళ్ల గీత నా గీతకన్నా బలమైనది. జీతం లేని అనుభవం ఎవరిని లోపలికి రానిస్తుందో, ఎవరిని బయట నిలబెడుతుందో మనం గమనించాలి.

1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఒప్పందం రాసుకుని చేరినవాళ్లకు యజమాని స్టైపెండ్ ఇవ్వాల్సిందే. అందుకే చాలాచోట్ల ఆ మాట వాడరు, ఒప్పందం రాయరు. 'నేర్చుకోడానికి వచ్చారు కదా' అంటారు. నేర్చుకోవడం నిజమే. కానీ నేను చేసిన లేఅవుట్లు క్లయింటుకు వెళ్లాయి, అచ్చయ్యాయి, వాటికి బిల్లు కూడా వేశారు.

ఇంకో పద్ధతి కూడా వుంది. 'ముందు నాలుగు డిజైన్లు చేసి చూపించు, నచ్చితే ఒకదానికి డబ్బులిస్తాం' అంటారు. ఈ సంగతి చెబితే మా అమ్మ నవ్వింది. 'నాలుగు జాకెట్లు కుట్టు, నచ్చినదానికే డబ్బులిస్తామంటే నేను మిషను ముట్టుకోను' అంది. మా తరగతిలో ఏ పాఠమూ ఇంత సూటిగా చెప్పలేదు.

రెండోది పేరు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం ఉద్యోగంలోనో, అప్రెంటిస్‌గానో చేసిన పనిమీద, వేరే ఒప్పందమేమీ లేకపోతే, మొదటి హక్కు యజమానిదే. కానీ అదే చట్టం 57వ సెక్షన్ కింద, ఆ పని నాదని చెప్పుకునే హక్కు నా దగ్గరే వుంటుంది. హక్కులు ఇంకొకరికి రాసిచ్చినా అది పోదు. ఈ సంగతి మాలో ఎక్కువమందికి తెలియదు. నేను గీసిన బొమ్మను నా పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవడానికి అనుమతి అడిగితే 'అది సీనియర్ గారి పని' అన్నారు. ఆ సీనియర్ మగవాడని చెప్పనక్కరలేదనుకుంటాను.

మూడోది రక్షణ. క్లయింటు రేపు పొద్దున కావాలంటే రాత్రి పదకొండు దాకా కూర్చోవాలి. తిరిగి వెళ్లడానికి బండి వుండదు. తప్పు చూపిస్తానంటూ కుర్చీ వెనక నిలబడి, మౌస్ మీదున్న చేతిమీద చెయ్యి వేసేవాళ్లుంటారు. నాతో చేరిన అమ్మాయికి ఇదే జరిగింది. ఫిర్యాదు చేస్తానంటే, 'కమిటీ ఉద్యోగులకే, మీరు విద్యార్థులు' అన్నారు. 2013 నాటి చట్టం కాగితాలు తీసి చదివాం. పనిచేసే చోట లైంగిక వేధింపులను నిరోధించే ఆ చట్టంలో ఉద్యోగి అన్న మాటకిచ్చిన అర్థంలో ట్రెయినీ, అప్రెంటిస్ కూడా వున్నారు. జీతం తీసుకున్నా తీసుకోకపోయినా ఒకటే. పదిమంది, అంతకు మించి పనిచేసేచోట అంతర్గత కమిటీ వుండాలి. అంతకన్నా చిన్న ఆఫీసయితే జిల్లాలోని స్థానిక కమిటీకి వెళ్లవచ్చు. మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం వుంటే కమిటీ మరో మూడు నెలల దాకా గడువు ఇవ్వవచ్చు. పనిమీద వెళ్లిన ప్రెస్సు, షూటింగ్ జరిగే చోటు, యజమాని పంపిన బండి కూడా పనిస్థలం కిందికే వస్తాయి. ఆ పేజీని చేతిలో పెట్టాక ఆమె ఫిర్యాదు తీసుకున్నారు. వారం తర్వాత కమిటీ సభ్యుల పేర్లు గోడమీదికి వచ్చాయి. అంతకుముందు ఆ గోడమీద అవార్డులే వుండేవి.

ఇప్పుడు మన గురించి కూడా ఒక మాట. కోపం తెచ్చుకోకుండా వినండి. కంపెనీ తర్వాత నేను రెండు స్త్రీల సంఘాలకు పోస్టర్లు చేశాను. ఒకరు డబ్బిచ్చారు. ఇంకొకరు 'నువ్వు మన అమ్మాయివే కదా' అన్నారు. ఉద్యమానికి ఇష్టంగా ఉచితంగా పనిచేయడం వేరు. దాత సంస్థకు పంపే బడ్జెట్లో అచ్చు ఖర్చు, భోజనాల ఖర్చు రాసి, డిజైన్ దగ్గర సున్నా పెట్టడం వేరు. ఇంటిపనికి విలువ కట్టమని అడుగుతున్న మనం ఈ సున్నాను ఎలా సమర్థించుకుంటాం?

అయినా నేను ఎక్కువ నేర్చుకున్నది ఆ పోస్టర్ల దగ్గరే. గృహహింస పోస్టరుకి మొదట అందరూ అడిగే బొమ్మే అడిగారు. మూలన ముడుచుకుని, మొహానికి చేతులడ్డం పెట్టుకున్న స్త్రీ. ఆ చిత్తుబొమ్మతో పాటు ఇంకో రెండు గీసి బస్తీలో మీటింగుకి తీసుకెళ్లాను. మొదటి బొమ్మ చూసి ఒకామె 'ఈమెకు ఎవరూ లేరా?' అని అడిగింది. ఇంకొకామె 'మా ఆయన ఇది చూస్తే సంతోషపడతాడు' అంది. చివరికి ఎంచుకున్న బొమ్మలో గుమ్మం దగ్గర ముగ్గురు స్త్రీలు నిలబడి వున్నారు, ఒకామె చేతిలో ఫోన్ వుంది. 181 హెల్ప్‌లైన్ నంబరు మొదట అడుగున చిన్నగా వుండేది. చదువురానివాళ్లు కూడా అంకెలు గుర్తుపడతారని చెప్పి దాన్ని పోస్టరులో మూడోవంతు చేయించారు. సంస్థల లోగోలన్నీ కిందికి వెళ్లాయి. దానిమీద కాస్త గొడవ కూడా అయింది!

బొమ్మా అక్షరమూ స్త్రీలను కదిలించగలవని మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. 90ల మొదట్లో నెల్లూరు జిల్లా అక్షరాస్యత తరగతుల్లో చదివిన పాఠాలు సారా వ్యతిరేక ఉద్యమానికి ఎలా తోడయ్యాయో ఇక్కడున్న పెద్దవాళ్లకు నాకన్నా బాగా తెలుసు.

తెలుగు అక్షరం గురించి కూడా చెప్పాలి. మాకు పాఠాలన్నీ ఇంగ్లీషు అక్షరాలతోనే. తెలుగుకి పైన గుడులు, కింద ఒత్తులు వుంటాయి కనుక వరుసల మధ్య ఎక్కువ చోటు వదలాలి. లేకపోతే పైవరుస ఒత్తు కిందివరుస గుడికి తగులుతుంది. సాఫ్ట్‌వేర్‌లో సరైన అమరిక ఎంచుకోకపోతే ఒత్తులు విడిపోయి చట్టం పేరే తప్పుగా అచ్చవుతుంది. యూనికోడ్‌లో మండలి, రామభద్ర, గిడుగు వంటి ఖతులు ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పాత డీటీపీ ఖతుల్లో వున్న మన కరపత్రాలను ఫోన్‌లో పెడితే అర్థంలేని గుర్తులొస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే మన చరిత్రే మనకు దొరకకుండా పోతుంది.

పోస్టరు అచ్చుకి చిక్కడపల్లిలో ఒక ప్రెస్సుకి వెళ్లాను. తెరమీద మెరిసిన ఎరుపు కాగితంమీద ఎందుకు మందగిస్తుందో, అంచుల్లో మూడు మిల్లీమీటర్లు ఎక్కువ రంగు ఎందుకు వదలాలో మెషిన్‌మాన్ చూపించాడు. వెనక గదిలో నేలమీద కూర్చుని ఫారాలు మడుస్తున్నవాళ్లంతా స్త్రీలే. వేయి ఫారాలకింత అని కూలి. మన పత్రికలూ అలాంటి చేతుల మీదుగానే వస్తాయి. డిజైనర్ పేరు వేయమని అడిగే నేను, వాళ్ల కూలి ఎంతని కూడా అడగాలి కదా.

చివరిగా మూడు విషయాలు ప్రతిపాదిస్తున్నాను. మన సంస్థల్లో పనిచేయడానికి వచ్చే విద్యార్థినులకు ఎన్ని నెలలు, ఏ పని, ఎంత స్టైపెండ్ అన్నది ఒక పేజీ కాగితం మీద రాసిద్దాం. అచ్చయిన ప్రతిదానిమీదా బొమ్మ, డిజైన్ ఎవరివో పేరు వేద్దాం. కాలేజీలు విద్యార్థినులను ఎక్కడికైనా పంపేముందు అక్కడ కమిటీ వుందో లేదో రాతపూర్వకంగా తెలుసుకోవాలని అడుగుదాం. మొదటి రెండింటికీ ఎవరి అనుమతీ అక్కరలేదు, ఈ సమావేశంలోనే తీర్మానం చేసుకోవచ్చు. మూడోదానికి కాలేజీల ప్రిన్సిపాళ్లకు ఇవ్వాల్సిన ఉత్తరం రాసి తెచ్చాను. సంతకాలకోసం బల్లమీద పెడుతున్నాను.