పిడుగు ఈల, దామగుండం అడవి
(సభలో చేసిన ప్రసంగం)



మన కాళేశ్వరంలో గోదావరి అవతల మెరుపు మెరిస్తే ఇక్కడ రేడియో గరగరలాడటం అందరం విన్నదే. మెరుపులో పుట్టే రేడియో తరంగాల్లో అతి తక్కువ పౌనఃపున్యం గలవి కొన్ని భూమి అయస్కాంత క్షేత్రం వెంబడి వేల కిలోమీటర్లు పోయి దక్షిణార్ధగోళంలో దిగుతాయి. హెచ్చు కంపనాలవి ముందు, తక్కువవి వెనుక చేరతాయి గనుక రిసీవరులో ఈల వేసినట్టుంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో శత్రువుల టెలిఫోన్లు వినబోయిన జర్మన్ శాస్త్రవేత్త బార్క్‌హౌసెన్ చెవిన ఈ ఈలలు పడ్డాయి. కారణం వివరించినవాడు 1953లో ఇంగ్లండు శాస్త్రవేత్త స్టోరీ.

ఈ రకం తరంగాలు సముద్రపు నీటిలోకీ కొన్ని మీటర్లు దిగుతాయి. అందుకే జలాంతర్గాములకు సందేశాలు పంపే కేంద్రాన్ని నౌకాదళం 1990లో తమిళనాడులో తిరునెల్వేలి జిల్లాలో నెలకొల్పింది. రెండవదానికి మన వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. ఇచ్చిన అటవీభూమి సుమారు 2,900 ఎకరాలు. ఇలాంటి కేంద్రాల తరంగాలు పైకీ పోయి భూమి చుట్టూ బుడగలా ఏర్పడుతున్నాయని 2017లో నాసా ప్రకటించింది.

దేశరక్షణ కావలసిందే. మూసీ పుట్టిన అనంతగిరి కొండల చెంతనున్న అడవీ కావలసిందే. ఫైళ్లు నడిపిన మనకు తెలుసు, ఉత్తర్వులో షరతు రాయటం తేలిక, అమలు చూడటమే కష్టం. బదులు మొక్కలు ఎక్కడ నాటారు, ఎన్ని బతికాయి, రామలింగేశ్వరుడి గుడికి దారి ఉందా అని ఏటా అడుగుదాం. సమాచార హక్కు చట్టం ఉంది, మనకు తీరికా ఉంది.