ఓవర్‌టైం తీసేస్తే ఎవరెంత?

2023–24 సీజన్‌లో లెబ్రాన్ జేమ్స్ మ్యాచ్‌కి 25.7 పాయింట్లు కొట్టాడు, అప్పుడే లీగ్‌లోకి వచ్చిన వెంబన్యామా 21.4. "ఇంకా పిల్లోడే" అంటాడు మా రూమ్మేటు. కానీ లెబ్రాన్ ఆడింది 35.3 నిమిషాలు, వెంబన్యామా 29.7. ఓవర్‌టైం చేసినోడి జీతాన్ని చెయ్యనోడి జీతంతో పోల్చినట్టే కదా! ఇద్దరికీ 36 నిమిషాలు పెట్టి లెక్కేశాను: 26.2, 25.9.

మరి తేడా? ట్రూ షూటింగ్‌లో ఉంది. మూడు పాయింట్ల షాట్లు, ఫ్రీ త్రోలు కూడా కలిపి, చేసిన ప్రయత్నాలకి ఎంత ఫలితం వచ్చిందో చెప్పే లెక్క అది. లెబ్రాన్‌ది 63 శాతం, వెంబన్యామాది 56.5. అవే పాయింట్లకి కుర్రాడు ఎక్కువ షాట్లు ఖర్చుపెట్టాడన్నమాట. అందుకే స్కోరింగ్ వరకూ నా ఓటు పెద్దాయనకే. బ్లాకులు ఈ లెక్కలోకి రావు. వాటిలో మ్యాచ్‌కి 3.6తో ఆ ఏడాది లీగ్ మొత్తానికి ఫస్టు కుర్రాడే.